కాలువ పెద్ద పళ్ళెం

మా ఊరు ఎల్ రెకోదో చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టవచ్చు. మొదటిది, బెలార్మీనో లుసెరో ప్రతి ఉదయం లిబ్రాదా హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని "రెండూ" అన్న యుగం. రెండోది, అతడు ఏమీ అనలేకపోయిన యుగం. మొదటిది ఒక తరం పాటు నడిచింది. రెండోది ఒక బుధవారం మొదలై ఆ ఆదివారానికే ముగిసింది. చరిత్రకారులకు పొడవాటి యుగాల మీదే మక్కువ గనుక ఈ రెండోదాన్ని ఎవరూ గ్రంథస్థం చేయలేదు. రియో గ్రాందే వరదల గురించి రాశారు. రైలుకట్ట మా ఊరికి రాకుండా పక్క ఊరికి మళ్ళిపోయిన అన్యాయం గురించి రాశారు. ఒక పెద్దమనిషి ఫలహారం దగ్గర నోరు పెగలక, టోపీ పెట్టుకుని, ఆకలితో లేచి వెళ్ళిపోయిన సంగతి గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. ఆ లోటు పూడ్చడం కోసమే ఈ నాలుగు మాటలు.

న్యూ మెక్సికోలో ఏ హోటల్లో కూర్చున్నా మంచినీళ్ళకన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది: "ఎర్రదా, పచ్చదా?" అడిగేది కారం గురించి. చెట్టు ఒకటే. ఆగస్టులో కాయ కోసి, మంట మీద కాల్చి, తొక్క ఒలిచి ఉడికిస్తే పచ్చకారం. అదే కాయను అక్టోబరు దాకా చెట్టున పండనిచ్చి, దండలు గుచ్చి, గోడకు వేలాడదీసి, ఎండాక నానబెట్టి రుబ్బితే ఎర్రకారం. తేడా అంతా రైతు ఓపికలోనే ఉంది. ఇంత చిన్న తేడా మీద మా ఊళ్ళో నిశ్చితార్థాలు కూడా తప్పిపోయాయి.

మా కాలువకు ఎగువన ఉన్నవాళ్ళు పచ్చకాయ అమ్ముకుంటారు, పచ్చదే తింటారు. దిగువన ఉన్నవాళ్ళు ఎర్రదండలు అమ్ముకుంటారు, ఎర్రదే తింటారు. ఈ రెండు జాతులకూ మధ్యన, కాలువ వంతెన పక్కన, లిబ్రాదా హోటల్ ఉంది. దాని అసలు పేరు బోర్డు మీద ఉండేది. బోర్డు గాలికి పడిపోయాక దాన్ని తిరిగి ఎత్తాలని ఎవరికీ తోచలేదు. మొక్కజొన్న రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉల్లిముక్కలూ చీజూ చల్లి, పైనుంచి కారం పోసి, ఆ పైన ఒక గుడ్డు వేయించి కూర్చోబెట్టే ఎన్చిలాదా కోసం పై ఊళ్ళవాళ్ళు కూడా పొలం పనులు ఆపుకుని వస్తారు. మేం మర్యాదగా దోన్యా అని పిలిచే యజమాని లిబ్రాదా తెల్లవారకముందే లేచి ఎర్రదొక పొయ్యి మీద, పచ్చదొక పొయ్యి మీద వండుతుంది. ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పెట్టిన పనిమనిషి ఆ హోటల్లో రెండో రోజు ఉండదు.

ఇక బెలార్మీనో. అతడు మా కాలువ పెద్ద. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి వంతు ఎంతసేపో, ఎవరు తెల్లవారుజామున దొంగతనంగా తూము పలక లేపారో తేల్చేది అతడే. భుజం మీద పార వేసుకుని గట్టు మీద నడుస్తున్నప్పుడే అతడు బెలార్మీనో లుసెరో. మిగతా సమయాల్లో సెల్సా మొగుడు. అంతకుముందు టైర్ల కొట్టు పెట్టాడు, అది పోయింది. గొర్రెల్ని పెంచాడు, అవీ పోయాయి. కాలువ ఒక్కటే అతడి చేతిలో నిలిచింది. దాన్ని చూసుకోవడం తప్ప ఈ భూమ్మీద తనకు చేతనైన పని లేదని అతడికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మాకూ ఉంది.

ఆ పదవికి ఏటా ఎన్నిక. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో మొదటి ఆదివారం, పూజ అయ్యాక, గుడి పక్క హాల్లో జరుగుతుంది. మొదటిసారి ఎన్నికైన రోజునే ఒక ముసలాయన అతణ్ణి పక్కకు పిలిచి, "ఇకనుంచి నీ పళ్ళెంలో ఉండేది నీ తిండి కాదు, కాలువ సంగతి. జాగ్రత్త," అన్నాడట. మర్నాటి నుంచి బెలార్మీనో పళ్ళెంలో సగం ఎర్రది, సగం పచ్చది. రంగుల్ని బట్టి మా వైపు దాన్ని క్రిస్మస్ అంటారు. ఎగువవాళ్ళు పచ్చసగాన్ని చూసి తృప్తిపడేవారు, దిగువవాళ్ళు ఎర్రసగాన్ని చూసి. మా ఊరి శాంతిభద్రతలు ఒక ఎన్చిలాదా మీద ఆధారపడి ఉన్నాయని అప్పట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు శీతకాలంలో కొండల మీద మంచు సరిగా పడలేదు. మంచు లేకపోతే నదిలో నీళ్ళుండవు. వసంతంలో మొదటి వంతు ఎవరికిస్తాడోనని రెండు వైపులా బెలార్మీనో మొహంకేసి చూడటం మొదలుపెట్టారు. మొహంలో ఏమీ కనిపించక పళ్ళెంకేసి చూడసాగారు. సరిగ్గా అప్పుడే తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం వచ్చింది.

మా గుడికి కొత్తగా వచ్చిన ఫాదర్ గారు కుర్రాడు, ఉత్సాహవంతుడు. ఈ నలభై రోజులూ వదులుకోవడానికి నిజంగా కష్టమనిపించేదాన్ని వదులుకోండి, ఊరికే మిఠాయి మానేశామని తప్పించుకోకండి అని గట్టిగా చెప్పాడు. అందరం నుదుట విభూది పెట్టించుకుని, ఆలోచనలో పడి, సరాసరి లిబ్రాదా దగ్గరకు ఫలహారానికి వెళ్ళాం.

లిబ్రాదా బెలార్మీనో బల్ల దగ్గరకు తనే వచ్చింది. ఆమె నుదుటి మీద విభూది ఇంకా ఆరలేదు.

"ఎర్రదా, పచ్చదా?"

బెలార్మీనో నవ్వాడు. "అదేం ప్రశ్న దోన్యా? రెండూ. ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అనేది నిన్నటితో సరి మిహో. ఈస్టరు దాకా నా దగ్గర ఏదో ఒకటే."

కొడుకుని పిలిచినట్టు అందరినీ మిహో అనే పిలుస్తుంది ఆవిడ. ఏదైనా కాదనబోయే ముందు ఇంకాస్త ప్రేమగా పిలుస్తుంది.

"ఎందుకని?"

"ఫాదర్ గారు చెప్పింది విన్లేదూ? నేనూ ఆలోచించా. కాఫీ మానేద్దామంటే తలనొప్పి. టీవీలో సీరియల్ మానేద్దామంటే, ఆ పిల్ల అసలు తల్లెవరో ఇదిగో ఇప్పుడే బయటపడేట్టుంది. అందుకని క్రిస్మస్ వదులుకున్నా."

"అది నువ్వు తినవు గదా. తినేది మేం గదా."

"అందుకే కుదిరింది. లేకపోతే నా వల్ల అయ్యేదా?"

ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

"ఒక మాట చెప్తా విను. ఇన్నేళ్ళ బట్టీ రెండు పొయ్యిల మీద రెండూ విడివిడిగా వండుతున్నా. ఇది దాంట్లో పడకుండా, అది దీంట్లో పడకుండా కాపలా కాస్తున్నా. తీరా నువ్వు ఆ గుడ్డు పగలగొట్టి, అంతా కలిపి, బురదరంగు చేసి తింటావు. నాకు మాత్రం మనసుండదూ? రెండూ కావాలనుకోడం అత్యాశ. తపస్కాలంలో అత్యాశేంటి? చెప్పు. ఎర్రదా, పచ్చదా?"

హోటల్లో అందరూ చెంచాలు దించి ఇటు తిరిగారు. వంటింట్లో రొట్టె తడుతున్న అమ్మాయి కూడా ఆపేసి చూస్తోంది. ఎగువ బల్ల నుంచి ఫిలదెల్ఫో తఫోయా అందుకున్నాడు. ఊళ్ళోకెల్లా పెద్ద మిరపతోట అతడిదే, పెద్ద గొంతు కూడా. బాప్తిస్మం తర్వాత ఎర్రకారం నాలిక్కి తగలనివ్వలేదని చెప్పుకుంటాడు.

"చెప్పవయ్యా కొంపాద్రే, నేస్తం! అంత చిక్కు ప్రశ్నా ఏంటి? నీళ్ళు ఎటు పోవాలో నువ్వే చెప్తావు గదా, నీ నోట్లోకి ఏం పోవాలో చెప్పలేవూ?"

"వాడి మీద అరవకు, ఆలోచించుకోనీ," అన్నారు దిగువ బల్ల నుంచి ఎవరో. "ఎర్రదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు పాపం."

"సిగ్గెందుకు? తప్పుపని అనా?" అన్నాడు ఫిలదెల్ఫో.

బెలార్మీనో ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు చూశాడు, కిటికీలోంచి కాలువకేసి చూశాడు. కాలువ ఎండి ఉంది. అది ఏ సలహా ఇచ్చినట్టు లేదు. లేచి, టోపీ పెట్టుకుని, "ఆకల్లేదు," అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాటను మా ఊళ్ళో ఎవరూ అంతకుముందు అతడి నోట వినలేదు.

మధ్యాహ్నానికల్లా ఊరు ఊరంతా వ్యాఖ్యానాలతో నిండిపోయింది. అతడికి జబ్బు చేసిందని కొందరు, మతం మారుతున్నాడని కొందరు. ఎగువవాళ్ళు అతణ్ణి దిగువవాళ్ళు కొనేశారన్నారు, దిగువవాళ్ళు అతణ్ణి ఎగువవాళ్ళు బెదిరించారన్నారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఎన్నిక రోజు పొద్దున అందరం తినేది లిబ్రాదా దగ్గరే. అక్కడ అతడు ఏదో ఒకటి అనక తప్పదు. అన్నదాన్ని బట్టి మొదటి నీళ్ళు ఎటో తెలిసిపోతుంది. నీళ్ళు రానివాళ్ళు వాళ్ళ మనిషిని నిలబెడతారు. ఎగువవాళ్ళ మనిషి ఫిలదెల్ఫో అని అందరికీ తెలుసు. ఫిలదెల్ఫో అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. "ఆదివారం చూద్దాం" అని అందరితోనూ అన్నాడు.

ఆ సాయంత్రం బెలార్మీనో మా ఇంటికొచ్చాడు. మేం దగ్గరి చుట్టాలం కాకపోయినా అన్నదమ్ముల వరసలో ప్రిమో అని పిలుచుకుంటాం. మా లోయలో తవ్వుకుంటూ పోతే అందరూ ఎక్కడో అక్కడ దాయాదులే.

"ప్రిమో, నాకేది ఇష్టం?"

"అదేం ప్రశ్న? నన్నడుగుతావేంటి?"

"ఇన్నేళ్ళు పక్కన కూర్చుని తిన్నావు గదా. నేను ఏ సగం ముందు తినేవాణ్ణి?"

గుర్తు తెచ్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించాను. గుడ్డు పగలగొట్టడం గుర్తుంది. తర్వాతదంతా బురదరంగే.

"నేను ఆలోచించా," అన్నాడతడు. "నాకు నిజంగా ఏది ఇష్టమో తెలుసుకుని అదే చెప్పేస్తా. నిజం చెప్పినవాడి మీద ఎవరికి మాత్రం కోపం వస్తుంది?"

ఈ ఆలోచనలో నాకు రెండు లోపాలు కనిపించాయి గానీ ఆకలితో ఉన్నవాడికి తర్కం చెప్పకూడదని ఊరుకున్నాను. ఊళ్ళో తింటే కబురు పొక్కుతుంది. అతడి ట్రక్కును గుర్తుపట్టని కుక్క కూడా చుట్టుపక్కల లేదు. అందుకని నా కారులో, తూముకు చక్రం కొనుక్కురావాలన్న నెపం మీద, తెలియని ఊళ్ళల్లో తినిచూడటానికి బయల్దేరాం. ఒక మనిషి తన ఇష్టాన్ని వెతుక్కుంటూ కారేసుకుని వెళ్ళడం మా లోయలో అదే మొదలు.

గురువారం దక్షిణానికి వెళ్ళాం. అక్కడ పెట్రోలు బంకు వెనకాల, లారీలవాళ్ళు తినే ఒక గది ఉంది. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, గోడ మీద నిరుటి క్యాలెండరు. దాని గురించి తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. అక్కడ పచ్చదే. కాయ కాల్చిన వాసన తలుపు బయటికే వస్తుంది. తొక్క చేత్తోనే ఒలుస్తారు కాబట్టి అక్కడక్కడా నల్లటి పొలుసు తగిలి ఉంటుంది, ఆ పొలుసులోనే ఉంది రుచంతా. బంగాళాదుంపలూ పంది మాంసమూ వేసి చిక్కగా కాచిన పచ్చకారం లోతు గిన్నెలో వచ్చింది. బెలార్మీనో మొదటి చెంచాకే కళ్ళు మూసుకున్నాడు. మూడో చెంచాకు ముక్కు తుడుచుకున్నాడు. గిన్నె అడుగును రొట్టెతో తుడిచి తుడిచి, కడిగినట్టు చేసి, వెనక్కి జారబడ్డాడు.

"తేలిపోయింది ప్రిమో. పచ్చదే. ఇంతకాలం నాకు నేనే అన్యాయం చేసుకున్నా."

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఈల వేశాడు. దిగువవాళ్ళకు ఎలా నచ్చజెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. ఖాయం చేసుకోవడానికి మర్నాడు ఎర్రది కూడా ఒకసారి చూసేస్తే మంచిదన్నాడు. న్యాయంగా ఉండాలన్న ఆ రోగమే అతడి కొంప ముంచింది.

శుక్రవారం ఉత్తరాన కొండల్లోకి వెళ్ళాం. ఒక పెద్దావిడ తన ఇంటి ముందు గదిలోనే వడ్డిస్తుంది. మెనూ ఉండదు, ఆ రోజు ఏది వండితే అదే. శుక్రవారం గనుక మాంసం లేదు. నురగ వచ్చేలా గిలకొట్టిన గుడ్డును గరిటెతో నూనెలో వేసి పొంగించి, ఎర్రకారంలో తేలేసింది. పక్కన చిక్కుడు గింజలతో వేయించిన ఆకుకూర, ఒక బుట్ట నిండా పూరీల్లా పొంగిన సోపాపియాలు, తేనె. ఆ ఎర్రకారంలో వెల్లుల్లి, కొండల్లో దొరికే వాము లాంటి ఆకు, ఇంకేవో. అడిగితే ఆవిడ వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొదట తియ్యగా తగిలి, మింగాక నిదానంగా గొంతులోంచి పైకొచ్చే కారం అది. బెలార్మీనో సోపాపియా మూల కొరికి, లోపల తేనె పోసుకుంటూ, తల అడ్డంగా ఊపాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఎర్రది కూడా," అన్నాడు, చావుకబురు చెప్పినట్టు.

"కూడా అంటే?"

"పచ్చదానికన్నా ఇదే బాగుందనిపిస్తోంది. కానీ నిన్న పచ్చది తిన్నప్పుడు దానికన్నా ఏదీ బాగుండదనిపించింది. ఇప్పుడు మళ్ళీ వెనక్కెళ్ళి అది తింటే ఇదెలా ఉందో మర్చిపోతా. ఏం చెయ్యను?"

పెద్దావిడ వచ్చి పళ్ళేలు తీస్తూ, "బాగుందా?" అంది. "బాగుందమ్మా, అదే వచ్చింది తంటా," అన్నాడు బెలార్మీనో. ఆవిడ అయోమయంగా అతణ్ణి చూసి, మర్యాదకు ఇంకో సోపాపియా పెట్టింది. అదీ తిన్నాడు.

శనివారం ఆల్బుకర్కీ వెళ్ళాం. సిటీలో పెద్ద హోటలు, గోడల నిండా గొడుగులంత టోపీలూ గిటార్లూ వేలాడుతున్నాయి. ఏ ఊరి తిండీ కాని చోట తింటే మనసు కడిగిన పలకలా అవుతుందని అతడి ఆలోచన. వచ్చిన కుర్రాడు తన పేరు చెప్పి, మా రోజు ఎలా గడుస్తోందని అడిగి, అంకెలు వేసిన మెనూ ఇచ్చాడు. బెలార్మీనో ఒక అంకె మీద వేలు పెట్టాడు. కుర్రాడు రాసుకుని వెళ్ళబోయాడు.

"ఆగు బాబూ. ఇంకేం అడగవా?"

"తాగడానికేమైనా కావాలా సార్?"

"అది కాదు. ఇంకేదీ?"

కుర్రాడు ఆలోచించి, "బిల్లు ఒకటా, రెండా?" అన్నాడు.

పళ్ళెం వచ్చింది. పైన పసుపురంగు చీజు కరిగించి పోశారు, కింద గోధుమరంగు చారు, జీలకర్ర వాసన. ఎర్రది కాదు, పచ్చది కాదు. బెలార్మీనో దాన్ని అపనమ్మకంగా కెలికి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆశగా చూశాను. ఇదొక్కటైనా అతడికి నచ్చకపోతే లెక్క ఒక కొలిక్కి వస్తుంది.

"ఇది కూడా బాగానే ఉంది ప్రిమో," అన్నాడు. "నా నాలికని నమ్మి ఇంతదూరం వచ్చాం. దానికేమీ తెలీదు."

ఇంటికి వెళ్ళాక, భోజనాల వేళ, ఇక దాచలేక సెల్సాను అడిగాడట. అక్కడ జరిగింది అతడు ఆదివారం పొద్దున గుడి మెట్ల మీద నా చెవిలో చెప్పాడు. ఇది రాయడానికి సెల్సా అనుమతి ఇచ్చింది. ఎలాగూ ఎవరూ నమ్మరంది.

"సెల్సా, నాకు ఎర్రది ఇష్టమా, పచ్చదా?"

"పెళ్ళైన కొత్తలో మీ అమ్మనడిగా అదే మాట. 'వాడి ముందు ఏం పెట్టినా తింటాడు, పళ్ళెం మాత్రం దూరంగా పెట్టకు' అంది."

"నీకేది ఇష్టం?"

సెల్సా చేతిలో గిన్నె బల్ల మీద పెట్టిందట. "ఇన్నాళ్ళకి అడిగావు."

"చెప్పు మరి."

"ఏదీ కాదు. నాకు మిరపకాయ పడదు. చిన్నప్పట్నుంచీ పడదు."

బెలార్మీనో ఆమెను ఎగాదిగా చూశాడట. మిరపచేలో పుట్టి, మిరపదండల కింద పెళ్ళి చేసుకుని, ఒక తరం పాటు అతడికి ఎర్రదీ పచ్చదీ వండిపెట్టిన మనిషి.

"లిబ్రాదా దగ్గరేం తింటావు మరి?"

"ఉత్త చిక్కుడు గింజలు, రొట్టె. ఎప్పుడూ అదే. నువ్వెప్పుడైనా నా పళ్ళెంకేసి చూస్తే గదా? ఊరంతా నీ పళ్ళెంకేసి చూస్తారు, నువ్వూ దాన్నే చూస్తావు. ఇదిగో, ఈ ముక్క బయట అన్నావంటే మా పుట్టింటికి పోతా."

"మీ పుట్టిల్లు పక్కవీధేగా."

"అయినా పోతా."

గుడి మెట్ల మీద ఇదంతా చెప్పి, "నాకిప్పుడు ఏదీ అర్థం కావట్లేదు ప్రిమో," అన్నాడు బెలార్మీనో. "రాత్రంతా ఆలోచించి ఎర్రదని ఖాయం చేసుకున్నా. ఎందుకంటే అడగకు. అటు ఇటు ఊగడం భరించలేక." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "కాలువ పోతే నేనేం చెయ్యాలి? టైర్ల కొట్టు మళ్ళీ పెట్టలేను."

ఇద్దరం పూజకు వెళ్ళాం. ఫాదర్ గారు ప్రలోభాల గురించి చెప్పాడు. అందరూ బెలార్మీనోకేసి చూశారు.

పూజ అయ్యాక లిబ్రాదా హోటల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఎగువవాళ్ళు గోడ పక్కన, దిగువవాళ్ళు గల్లాపెట్టె పక్కన. చోటు లేనివాళ్ళు కిటికీ బయట నిలబడి అద్దానికి ముక్కులు ఆనించారు. ఫిలదెల్ఫో ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అది చూసి దిగువవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. మామూలు రోజుల్లో అతడికి ఇస్త్రీ అంటే తెలియదు.

లిబ్రాదా తుండుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముందు సెల్సాను అడిగింది.

"గింజలేగా?"

"గింజలే."

బెలార్మీనో ఉలిక్కిపడి ఇద్దర్నీ చూశాడు. లిబ్రాదాకు తెలుసు! ఇన్నేళ్ళూ తెలుసు. ఆ విస్మయంలోంచి అతడింకా తేరుకోకముందే ఆవిడ అతడివైపు తిరిగింది.

"ఎర్రదా, పచ్చదా?"

"పచ్చది," అన్నాడు బెలార్మీనో.

అని, ఎవరో వెనకనుంచి అన్నట్టు తల తిప్పి చూశాడు. వెనక గోడ ఉంది.

వంటింట్లోంచి పళ్ళెం వచ్చింది. అంచు నుంచి అంచు దాకా పచ్చగా, మధ్యన గుడ్డు. అతడు దాన్ని పగలగొట్టి, కలిపి, తల వంచుకుని తిన్నాడు. ఒక్క ముక్క వదల్లేదు. లిబ్రాదా పక్కనే నిలబడి చివరి ముద్ద దాకా చూసింది. ఆమె తప్ప ఆ గదిలో సంతోషంగా ఉన్నవాళ్ళెవరూ నాకు కనిపించలేదు.

ఎగువవాళ్ళు చప్పట్లు కొడతారనుకున్నాం. కొట్టలేదు.

"ఎన్నిక రోజున, అందరి ముందు, పచ్చది!" అన్నాడు ఫిలదెల్ఫో. "మనల్ని బుట్టలో వేసుకోడానికి గాకపోతే ఎందుకిది? పైకి పచ్చది తిని, నీళ్ళు మాత్రం కిందకి వదుల్తాడు. చూస్తూ ఉండండి."

దిగువవాళ్ళు మండిపడతారనుకున్నాం. వాళ్ళలో ఒక ముసలమ్మ శాలువా అంచుతో కళ్ళొత్తుకుంటోంది.

"ఫాదర్ గారేమన్నారు? ఇష్టమైంది వదులుకోమన్నారు. బిడ్డ ఎర్రది వదులుకున్నాడు. ప్రాణమంటే అంత ప్రాణం దానిమీద!"

"అయితే మీకే ఇస్తాడన్నమాట నీళ్ళు!" అన్నాడు ఫిలదెల్ఫో.

"మీదే తిన్నాడు గదయ్యా, ఇంకా ఏడుపేంటి?"

"తినడం వేరు, ఇష్టం వేరు!"

"అలాగైతే నువ్వు తినేది కూడా ఇష్టం లేకేనా?"

ఫిలదెల్ఫో దీనికి జవాబు వెతుక్కుంటూ ఉండగా బెలార్మీనో సెల్సావైపు వంగి అడిగాడు. "నేనేమన్నాను?"

"పచ్చదన్నావు."

"ఎందుకన్నాను?"

"నాకేం తెలుసు? మూతి తుడుచుకో. హాలుకి టైమైంది."

రెండు గుంపులూ రోడ్డుకు రెండు పక్కలా, ఒకళ్ళ నీడ ఒకళ్ళ మీద పడకుండా నడుచుకుంటూ హాలుకు వెళ్ళాయి. కాలువ సంఘం కార్యదర్శి చీటీలు ముందే కత్తిరించి పెట్టాడు. వాటికోసం అట్టపెట్టెకు పైన కన్నం కూడా పెట్టాడు. పెన్సిళ్ళు చెక్కి వరసగా పేర్చాడు. ఇంతకుముందు ఏ ఏడూ ఇవేవీ అవసరపడలేదు. ఎగువవాళ్ళు తలలు లెక్కపెట్టుకున్నారు, దిగువవాళ్ళూ లెక్కపెట్టుకున్నారు. పక్షవాతంతో మంచంలో ఉన్న పెద్దాయన్ని కూడా చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆయన ఏ పక్షమో ఆయనకు గుర్తులేదు గానీ రెండు వైపులవాళ్ళూ ఆయన చేతులు పట్టుకున్నారు. బెలార్మీనో తలుపు దగ్గర నిలబడ్డాడు. పార బయట గోడకు ఆనించి వచ్చాడు. టోపీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

కార్యదర్శి గొంతు సవరించుకుని, కాలువ పెద్దగా బెలార్మీనో లుసెరో పేరు చదివాడు. ఇంకెవరి పేరైనా ప్రతిపాదిస్తారా అని అడిగాడు.

అందరూ ఫిలదెల్ఫోకేసి చూశారు. ఫిలదెల్ఫో తన ఇస్త్రీ చొక్కా చేతుల్ని చూసుకున్నాడు. పెళ్ళాం అతడి పక్కటెముకల్లో పొడిచింది. "ఆ పనికి పొద్దున నాలుగింటికి లేవాలే," అని అతడు గొణిగినట్టు ముందు వరసలోవాళ్ళకు వినిపించింది. "తూములో చచ్చిన కుక్కల్ని కూడా తియ్యాలి."

కార్యదర్శి మళ్ళీ అడిగాడు. కిటికీ పక్కనున్నవాళ్ళు కిటికీలోంచి చూశారు. దిగువవాళ్ళు ఎగువవాళ్ళకేసి, ఎగువవాళ్ళు దిగువవాళ్ళకేసి చూశారు. చక్రాల కుర్చీలో పెద్దాయన చెయ్యి ఎత్తాడు, మంచినీళ్ళ కోసం.

మరెవరి పేరూ రాలేదు కాబట్టి ఓటింగు జరగలేదు.